రాజా దీన్‌దయాళ్

రాతితో కట్టిన కట్టడము వందల యేండ్లు నిలుచును. హైదరాబాదు నగరమున 1591వ సంవత్సరములో నిర్మింపబడిన చార్మినారు నేటికిని తలయెత్తి నిలిచియున్నది. కాని దాని నీడలో సాగిపోయిన ఊరేగింపులు నేడెక్కడ? అంబారీలు మోసిన ఏనుగులు, జరీ జూలు కప్పిన గుఱ్ఱములు, మేడలపైనుండి తొంగిచూచిన జనము, అన్నియు ఆ పూటతోనే ముగిసినవి. మరునాటికి వీథిలో మిగులునవి దుమ్మును, వాడిన పూలును మాత్రమే. కన్నులార చూచినవారు తాము బ్రతికియున్నంత కాలము ఆ ముచ్చటలు చెప్పుకొందురు. వారితో అవియు మాసిపోవును.

ఇట్లు మాసిపోవు వైభవమును గాజుపలకలపై పట్టియుంచి తరువాతి తరములకు అందించిన మహాశిల్పి రాజా దీన్‌దయాళ్. ఆయన ఉలిని గాని కుంచెను గాని చేత పట్టలేదు. కెమెరాయే ఆయన సాధనము. భారతీయులలో ఛాయాచిత్రకళను వృత్తిగా స్వీకరించి దేశదేశములందు కీర్తి గడించిన తొలితరము వారిలో ఆయన అగ్రగణ్యుడు.

దీన్‌దయాళ్ 1844వ సంవత్సరములో ఉత్తర హిందూస్థానమందలి మీరటు సమీపముననున్న సర్ధనా అను పట్టణమున ఒక జైన కుటుంబములో జన్మించెను. చిన్ననాటినుండియు ఆయనకు లెక్కలయందును, పటములు గీయుటయందును నేర్పు కలదు. ఆ కాలమున రూర్కీలో థామసన్ ఇంజనీరింగు కళాశాల పేరుపొందియుండెను. దీన్‌దయాళ్ అందు చేరి కట్టడములను కొలుచుట, నక్షాలు వ్రాయుట, ఖర్చుల అంచనాలు కట్టుట మున్నగు విద్యల నభ్యసించెను. గోడ ఎంత నిటారుగా నున్నది, కమాను బరువు ఏ స్తంభముపై పడుచున్నది, ఏ వేళ ఎండ ఏ ముఖమును తాకును అను విషయములను గమనించు అలవాటు ఆయనకు అక్కడనే అబ్బెను. ఆ అలవాటే పిమ్మట ఆయన కళకు పునాది అయ్యెను.

1866లో చదువు ముగించుకొని ఆయన ఇందూరు చేరెను. అక్కడి మరామత్తు శాఖా కార్యాలయమున అంచనాలు కట్టుటకును, నక్షాలు గీయుటకును ప్రధానోద్యోగిగా నియమింపబడెను. అది గౌరవప్రదమైన కొలువు. నెలనెలకు జీతము వచ్చును. వార్ధక్యమునకు భయము లేదు. ఆ రోజులలో అట్టి ఉద్యోగము లభించినవాడు మరియొక మార్గమును తలపెట్టుట అరుదు. కాని సుమారు 1874లో దీన్‌దయాళ్ దృష్టి ఛాయాచిత్రములవైపు మరలెను. కార్యాలయపు పని ముగిసిన పిమ్మట ఆయన ఆ విద్యను ఓపికతో సాధన చేసెను. ఇందూరు మహారాజు రెండవ తుకోజీరావు హోల్కరు ఆయన నేర్పును గుర్తించి ఆదరించెను. మధ్యహిందూస్థానమున గవర్నరు జనరలు ప్రతినిధిగా నుండిన సర్ హెన్రీ డేలీయు ఆయనను ప్రోత్సహించెను.

ఆ కాలమున ఛాయాచిత్రము తీయుట నేటివలె మీట నొక్కినంత సులభముగ నుండలేదు. సెల్యులాయిడు ఫిలిము అప్పటికింకను వాడుకలోనికి రాలేదు. చిత్రము పడవలసినది గాజుపలకపైననే. ఆ పలకను శుభ్రముగా తుడిచి, కొలోడియన్ అను జిగురు ద్రావకమును దానిపై సమముగా పారించి, చీకటి డేరాలో వెండి లవణపు ద్రావకమున ముంచవలెను. అది తడిగా నున్నప్పుడే కెమెరాలో పెట్టి వెలుతురు తగులనీయవలెను. వెంటనే మరల చీకటి డేరాలోనికి తీసికొనిపోయి మందులతో కడిగి బొమ్మను తేర్చవలెను. పలక ఆరిపోయినచో శ్రమయంతయు వ్యర్థము. మండుటెండలలో అది త్వరగా ఆరిపోవును గనుక క్షణక్షణము విలువైనది. కెమెరా, కట్టె పీఠము, గాజుపలకల పెట్టెలు, మందుల సీసాలు, డేరా, నీటి పాత్రలు ఇవన్నియు ఛాయాచిత్రకారుని వెంట సాగవలసియుండెను. దారిలో ఒక్క పెట్టె జారిపడినచో అనేక దినముల శ్రమ ముక్కలగును.

ఇంత శ్రమకోర్చి దీన్‌దయాళ్ ఆ విద్యలో ఆరితేరెను. 1875-76 సంవత్సరములలో ఇంగ్లండు యువరాజు భారతదేశమున పర్యటించినప్పుడు ఆ సందర్భమున ఛాయాచిత్రములు తీయు అవకాశము ఆయనకు లభించెను. ఆ పనితో ఆయన పేరు సంస్థానముల దర్బారులకును, ఆంగ్ల అధికారుల బంగళాలకును ప్రాకెను.

1882లో ఆయన జీవితమున ముఖ్యమైన యాత్ర యొకటి సంభవించెను. సర్ హెన్రీ డేలీ తరువాత మధ్యహిందూస్థానమున ప్రతినిధిగా వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిన్ ఆ ప్రాంతపు ప్రాచీన కట్టడములను చూడ బయలుదేరుచు దీన్‌దయాళ్‌ను వెంటబెట్టుకొనిపోయెను. గ్వాలియరు కోట, సాంచీ స్తూపము, ఖజురాహో దేవాలయములు, ఓర్ఛా, దతియా రాజభవనములు మున్నగువాటిని ఆయన అప్పుడు చిత్రించెను. వానిలో కొన్ని చెట్లు మొలచి శిథిలములై యుండెను. సాంచీలో పడిపోయిన తోరణములను మరల నిలబెట్టు పనులు ఆ కాలముననే సాగినవి.

ఈ చిత్రములయందు ఇంజనీరు కన్నును కళాకారుని కన్నును ఏకమైనట్లు తోచును. కట్టడపు గీతలు వంకర పోవు. శిల్పములోని చిన్న నగిషీయు స్పష్టముగా కనబడును. ఎండ ఏటవాలుగా పడు వేళకై ఆయన వేచియుండుటచే రాతిలోని ఎత్తుపల్లములు చేతితో తాకి చూచినంత నిజముగా తోచును. కొన్ని చిత్రములలో కట్టడము చెంత ఒక మనిషి నిలిచియుండును. అతనిని బట్టి ఆ కట్టడమెంత ఎత్తైనదో చూచువారు గ్రహింపగలరు. ఈ యాత్రలో తీసిన చిత్రములనుండి 86 ఏర్చి, సర్ లెపెల్ గ్రిఫిన్ 1886లో మధ్యహిందూస్థానపు ప్రసిద్ధ కట్టడములను గూర్చిన గ్రంథమును ప్రకటించెను.

ఈ యాత్ర పిమ్మట దీన్‌దయాళ్ ఎదుట రెండు మార్గములు నిలిచెను. ఒకటి ఇరువదేండ్లుగా అన్నము పెట్టిన ప్రభుత్వోద్యోగము. రెండవది మనసునకు నచ్చిన కళ. రెండవ మార్గమున జీతము లేదు, భరోసా లేదు. గాజుపలకలకును, మందులకును, పనివారికిని ధనము తానే సమకూర్చుకొనవలెను. ఆయనకు అప్పటికి నలుబది యేండ్లు. కుటుంబభారము కలదు. అట్టి వయస్సున స్థిరమైన కొలువును వదలుకొనుటకు గుండె నిబ్బరము కావలెను. ఆయన తొందరపడలేదు. మొదట దీర్ఘకాలపు సెలవు తీసికొని తన శక్తిని తాను పరీక్షించుకొనెను. పిమ్మట ఉద్యోగమును విడిచి పూర్తిగా ఛాయాచిత్రకారుడయ్యెను. 1885లో రాజప్రతినిధి డఫరిన్ ప్రభువు ఆయనను తన ఛాయాచిత్రకారునిగా నియమించెను.

దాదాపు ఆ కాలముననే ఆయనను దక్కను పిలిచెను. హైదరాబాదులో ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ 1884లో రాజ్యాధికారమును స్వయముగా చేపట్టియుండెను. ఆయన యువకుడు, ఉదారుడు, వేటయందును వేడుకలయందును ఆసక్తి గలవాడు. ఆయన దీన్‌దయాళ్‌ను ఆస్థాన ఛాయాచిత్రకారునిగా గైకొనెను. 1886లో దీన్‌దయాళ్ సికింద్రాబాదున తన చిత్రశాలను స్థాపించెను. ఉత్తరదేశమున పుట్టి, మాళవమున పని నేర్చిన ఆ కళాకారుడు ఇట్లు తెలుగు నేలపై స్థిరపడెను. ఆయన కీర్తిలో అధికభాగము ఇక్కడనే వికసించెను.

నాటి హైదరాబాదు వేడుకల నగరము. దర్బారు జరుగు దినమున అమీరులు, జాగీర్దారులు, సంస్థానాధీశులు తమ తమ హోదాలకు తగిన తలపాగలు, నడికట్లు, నగలు ధరించి వచ్చి నిజామునకు నజరులు సమర్పించుచుండిరి. ఎవరు ఎక్కడ నిలువవలెనో, ఎవరు ముందు రావలెనో అన్నియు కట్టుదిట్టములే. మొహరము దినములలో లంగరు ఊరేగింపు సాగుచుండెను. దీనికి కుతుబ్‌షాహీల కాలపు కథ యొకటి కలదు. బాలుడైన అబ్దుల్లా కుతుబ్‌షాను ఎక్కించుకొన్న ఏనుగు మదించి పరుగెత్తగా, తల్లి హయాత్ బక్షీ బేగము తన కుమారుడు క్షేమముగా తిరిగివచ్చినచో బంగారు గొలుసును సమర్పింతునని మ్రొక్కుకొనెనట. లంగరు అనగా ఆ గొలుసు. తల్లి మ్రొక్కుబడిగా పుట్టిన ఆ ఆచారము నిజాముల కాలమున మహాప్రదర్శనముగా పెరిగెను. రాజ్యపు సేనలును, అమీరుల సేనలును, ఏనుగులు, ఒంటెలు, వాద్యములతో నగరవీథులలో గంటల తరబడి నడచుచుండెను.

ఇట్టి ఊరేగింపును చిత్రించుట దేవాలయమును చిత్రించుటకంటె కష్టము. దేవాలయము కదలదు. ఎన్ని క్షణములైనను వేచియుండును. ఏనుగు తొండమూపును, గుఱ్ఱము తల విదల్చును, జనము త్రోసికొందురు. కదలినదెల్ల పలకపై మసకగా పడును. అదృష్టవశమున ఆ కాలమున ముందుగనే సిద్ధముచేసి పొడిగా దాచుకొనదగిన గాజుపలకలు వచ్చెను. వానికి వెలుతురు తగులవలసిన సమయము తక్కువ. చీకటి డేరాను వెంటబెట్టుకొనవలసిన పనియు తప్పెను. దీన్‌దయాళ్ ఈ క్రొత్త సాధనమును చక్కగా వినియోగించుకొనెను. ఎండ ఎటునుండి వచ్చునో, ఊరేగింపు ఏ మలుపున మెల్లబడునో, ఎంత ఎత్తునుండి చూచిన జనసమూహమంతయు కానవచ్చునో ముందుగా యోచించిన వానికే అట్టి చిత్రము దక్కును. ఆయన ఆ యోచనలో దిట్ట.

ఆయన చిత్రములలో ప్రభువులేగాక ఇతరులును కానవచ్చుచున్నారు. ఏనుగుపై కూర్చున్న అమీరుతోపాటు మావటివాడును, గుఱ్ఱము కళ్లెము పట్టిన సాహిణియు, వింజామర వీచు సేవకుడును, దారి ప్రక్క నిలిచి చూచు సామాన్యుడును ఆ పలకలపై నిలిచిరి. వారి పేర్లను ఏ చరిత్ర గ్రంథమును వ్రాసియుంచలేదు. అయినను వారి ముఖములు మిగిలినవి. పంతొమ్మిదవ శతాబ్ది చివర దక్కనును కరవు పీడించినప్పుడు జరిగిన సహాయకార్యములను గూడ ఆయన చిత్రశాల చిత్రించెను. జరీ దుస్తుల దర్బారును చూపిన కెమెరాయే, కూలి గంజికొరకు చేరిన బీదలను గూడ చూపెను. ఈ రెండింటిని చేర్చి చూచినప్పుడే ఆ కాలపు హైదరాబాదు రాజ్యము మనకు నిండుగా అర్థమగును.

ఆ దినములలో పెద్ద కుటుంబముల స్త్రీలు ఘోషా పాటించుచుండిరి. పరపురుషుని ఎదుట వారు నిలుచుట ఆచారము కాదు. అందుచేత వారికి తమ రూపమును చిత్రమున చూచుకొను భాగ్యము లేకుండెను. దీన్‌దయాళ్ వారి ఆచారమును ఎదిరింపలేదు, వారి కోరికను త్రోసివేయలేదు. 1892లో హైదరాబాదున స్త్రీలకొరకు ప్రత్యేకముగా జనానా చిత్రశాలను నెలకొల్పి, దాని నిర్వహణమును ఒక ఆంగ్ల వనితకు అప్పగించెను. అక్కడ ఛాయాచిత్రములు తీయువారును స్త్రీలే. పరుల కంటబడకుండ కుటుంబ స్త్రీలు నిశ్చింతగా వచ్చి తమ చిత్రములు తీయించుకొనిరి.

నగరమందలి భవనములను గూడ ఆయన విడువలేదు. చౌమహల్లా ప్రాసాదము, కొండపై వెలసిన ఫలక్‌నుమా, సర్ అస్మాన్‌జా కట్టించిన బషీర్‌బాగు రాజభవనము మున్నగువాటి వెలుపలి శోభయు, లోపలి దీపగుచ్ఛములు, తివాచీలు, అద్దములును ఆయన పలకలపై నిలిచెను. గోలకొండ సమాధులు, నగర ద్వారములు, వీథులు, తోటలు అన్నియు ఆయన దృష్టికి చిత్రార్హములే.

గౌరవములు ఒకదాని వెంట ఒకటి వచ్చెను. 1893లో అమెరికాయందలి చికాగో నగరమున జరిగిన ప్రపంచ ప్రదర్శనములో ఆయన చిత్రములు బహుమానము పొందెను. 1894లో నిజాము ఆయనకు రాజా ముసవ్విర్ జంగ్ బహద్దూర్ అను బిరుదమునిచ్చెను. ముసవ్విర్ అనగా చిత్రకారుడు. జంగ్ అనగా యుద్ధము. కత్తి పట్టని వానికి యుద్ధవీరుల బిరుదము లభించుట విశేషమే. విక్టోరియా మహారాణియు ఆయనను తన ఛాయాచిత్రకారునిగా అంగీకరించెను. 1896లో బొంబాయిలో మరియొక చిత్రశాల తెరవబడెను. కుమారులు జ్ఞానచంద్, ధర్మచంద్ తండ్రికి కుడి ఎడమ భుజములై పనిచేసిరి. 1902లో కర్జన్ ప్రభువు హైదరాబాదు వచ్చినప్పుడు జరిగిన వేడుకలను, వేటను, 1903లో ఢిల్లీలో జరిగిన మహాదర్బారును ఆ చిత్రశాలవారు చిత్రించిరి.

ఇంత వైభవము నడుమ విధి ఆయనను గట్టిగా దెబ్బతీసెను. 1904లో కుమారుడు ధర్మచంద్ మరణించెను. ఎందరి రూపములనో శాశ్వతముగా నిలిపిన ఆ తండ్రి తన కన్నకొడుకును నిలుపుకొనజాలకపోయెను. మరుసటి యేడు, 1905 జూలై 5వ తేదీన, దీన్‌దయాళ్ కన్నుమూసెను. జ్ఞానచంద్ చిత్రశాల భారమును వహించెను.

ఆయన చేసిన పని విలువ ఎంతటిదో ఆయన పోయిన మూడేండ్లకే లోకమునకు తెలియవచ్చెను. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచివైచెను. వేలకొలది జనులు ప్రాణములు కోల్పోయిరి. వేలకొలది ఇండ్లు కూలిపోయెను. నదీతీరపు వీథులు గుర్తుపట్టరాని విధముగా మారిపోయెను. వరద తగ్గిన తరువాత నగరమును క్రొత్తగా తీర్చిదిద్దిరి. వరదకు పూర్వము నగరమెట్లుండెనో తెలిసికొనగోరు వారికి అతనివంటి ఛాయాచిత్రకారుల పలకలే ఆధారమైనవి. 1911లో మహబూబ్ అలీఖాన్ గతించెను. 1948లో హైదరాబాదు రాజ్యము భారతదేశమున విలీనమయ్యెను. నిజాముల దర్బారులు, వారి సేనల కవాతులు చరిత్రలో కలిసిపోయినవి. బషీర్‌బాగు రాజభవనము నేడు లేదు. ఆ పేరు మాత్రము నగరమున ఒక పేటకు మిగిలినది. ఆ భవనపు రూపము చూడవలెనన్నచో దీన్‌దయాళ్ చిత్రములనే ఆశ్రయింపవలెను.

రాతి కట్టడము కూలిపోగా, చేయి జారిన పగిలిపోవు గాజుపలక దాని రూపమును కాపాడుట ఎంత వింత! కాని గాజుపలకలు తమంత తాము నిలువవు. చెమ్మ తగిలిన వానిపై పూత ఊడిపోవును. అశ్రద్ధ చేసినచో మనుష్యులే వానిని పారవేయుదురు. దీన్‌దయాళ్ చిత్రశాలకు చెందిన 2,857 గాజుపలకలను 1989లో ఢిల్లీయందలి ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము సేకరించి భద్రపరచెను. 2006లో భారత తపాలా శాఖ ఆయన స్మృత్యర్థము తపాలా బిళ్లను వెలువరించెను.

దీన్‌దయాళ్ రాజులను సేవించెను, బిరుదములు పొందెను, ధనము నార్జించెను. కాని వానివలన మాత్రమే ఆయన పేరు నిలువలేదు. ఎదుటనున్న దానిని ఉన్నదున్నట్లు, లోపము లేకుండ, ఓర్పుతో పలకపై నిలుపుట ఆయన దీక్ష. నక్షా గీయుటలో నేర్చిన ఆ సత్యసంధతను ఆయన కడవరకు విడువలేదు. ప్రతి ఊరిలోను ఒక పాత గుడియో, కోట గోడయో, ఏటేట సాగు జాతరయో ఉండును. అవి ఎల్లకాలము ఇట్లే యుండునని మనము తలంతుము. అట్లు తలపక, నేడు చూచుచున్నది రేపు ఉండకపోవచ్చునని ఎరిగి, దానిని శ్రద్ధతో నిలిపియుంచినవాడు దీన్‌దయాళ్. నాటి దక్కను నేడు మన కన్నులకు కనబడుచున్నదన్నచో అది ఆ శ్రద్ధ యొక్క ఫలమే.